వేడి, వాన, ఉప్పుగాలి: ఇంటికి రేకులా, తారు షింగిల్సా?

ప్రశ్న: ఉష్ణమండలంలో ఇల్లు కట్టుకుంటున్నాం. ఒకటే అంతస్తు, రెండు వైపులా వాలిన కప్పు. ఏడాదిలో కొన్ని నెలలు మాడే ఎండ, కొన్ని నెలలు కుండపోత వాన. సముద్రం నడిచి వెళ్లేంత దగ్గర. కాంట్రాక్టరు తారు షింగిల్స్ అనే తారు పలకలు వేయమంటున్నారు. చూడటానికి అందంగా ఉంటాయని, వాన చప్పుడు వినిపించదని, ఖర్చు కూడా తక్కువని చెబుతున్నారు. నాకు లోహపు రేకుల మీద మొగ్గు ఉంది. మావారేమో రేకుల కింద మధ్యాహ్నం మనిషి ఉండలేడని, తుపాను వస్తే ముందు ఎగిరిపోయేవి అవేనని, పిడుగు భయం కూడా ఎక్కువని అంటున్నారు. వాన నీటిని ట్యాంకులో పట్టుకోవాలన్న ఆలోచన కూడా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ మొగ్గు సరైనదే. మీరు చెప్పిన ఎండకూ వానకూ రేకులే మేలు. అలాగని మీ వారి భయాలు కొట్టిపారేయవలసినవి కావు. పలచని, రంగు లేని రేకును చట్రం మీద పరిచి, కింద ఏ పొరా లేకుండా వదిలేస్తే, పిడుగు సంగతి తప్ప ఆయన చెప్పినవన్నీ అక్షరాలా జరుగుతాయి. అలాంటి రేకుల ఇంటికంటే శ్రద్ధగా వేసిన షింగిల్సే నయం. అందుకని కాంట్రాక్టరుకు ‘రేకులే వేయండి’ అని ఒక్క మాట చెప్పి ఊరుకోకండి. ఏ లోహం, ఏ పూత, ఏ రంగు, కింద ఏముంటుంది, దేనితో బిగిస్తారు అన్నవన్నీ మీరే తేల్చాలి.

ముందు ఎండ సంగతి. ఉష్ణమండలంలో సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మిగతా రోజుల్లోనూ మధ్యాహ్నం పూట చాలా ఎత్తులోనే ఉంటాడు. చల్లని దేశాల్లో ఎండ ఏటవాలుగా పడి గోడలకు తగులుతుంది, ఇక్కడ నేరుగా కప్పు మీదికే దిగుతుంది. ఒకే అంతస్తు ఇంట్లోకి వచ్చే వేడిలో పెద్ద వాటా పైనుంచే వస్తుంది. గోడల రంగు గురించి వారాల తరబడి ఆలోచించే వాళ్లు కప్పు రంగును ఒక్క నిమిషంలో తేల్చేయడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

తారు షింగిల్ అంటే ఫైబర్‌గ్లాసు పలక. దానికి రెండు వైపులా గట్టి తారు పట్టించి, పైన రంగు పూసిన రాతి రవ్వ అద్దుతారు. ఆ రవ్వ అలంకారానికి మాత్రమే కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు తారును తాకకుండా అదే కాపాడుతుంది. ముదురు రంగు షింగిల్ మీద పడిన ఎండలో 5 నుంచి 15 శాతమే తిరిగి పైకి పోతుంది, తక్కినదంతా లోపలికి ఇంకుతుంది. తెలుపు అని చెప్పి అమ్మే మామూలు రకం కూడా 25, 30 శాతం దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే రవ్వల సందుల్లో నలుపు అలాగే ఉంటుంది. మంచి ఎండలో ఆ కప్పు 70 డిగ్రీలు దాటడం మామూలే. అంత వేడి రోజూ తగులుతుంటే తారులోని నూనెలు ఆరిపోయి అది గట్టిపడుతుంది, పెళుసవుతుంది. మండుతున్న ఆ కప్పు మీద ఒక్కసారిగా వాన కురిస్తే నిమిషాల్లో పదుల డిగ్రీలు పడిపోతుంది. కొత్తలో ఆ దెబ్బకు షింగిల్ ఓర్చుకుంటుంది. వయసు మళ్లాక పగుళ్లు తేలతాయి, అంచులు లేస్తాయి, రవ్వ రాలి నీటి గొట్టాల దగ్గర ఇసుకలా పేరుకుంటుంది. చల్లని వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పిన ఆయుష్షును మీ ఇంటికి లెక్క కట్టుకోకండి.

తేమ చేసే చెరుపు వేరు. వేడి, తేమ కలిసిన చోట షింగిల్స్ మీద నల్లని చారలు దిగడం చూసే ఉంటారు. అది మసి కాదు, గ్లియోకాప్సా మాగ్మా అనే సూక్ష్మజీవి. తారులో కలిపే సున్నపురాయి పొడి దానికి ఆహారం. రాగి కలిపిన రవ్వలున్న రకం దాన్ని చాలా ఏళ్లు ఆపుతుంది, కానీ అడిగితే తప్ప ఆ రకం చూపించరు. చారలు పడ్డాక ఒత్తిడి పంపుతో కడిగారంటే చారలతో పాటు రవ్వ కూడా పోతుంది.

అంతకంటే ముఖ్యమైనది షింగిల్ కింద ఉండేది. షింగిల్ తనంతట తాను నిలబడలేదు. కప్పు మొత్తం కింద ప్లైవుడ్ లాంటి చెక్క పరుపు, దాని మీద నీరు దిగని పొర ఉంటేనే మేకు కొట్టగలరు. రేకు అయితే పర్లిన్ (వాసాల మీద రేకును మోసే అడ్డ దూలం) నుంచి పర్లిన్‌కు తానే నిలుస్తుంది. 'ఖర్చు తక్కువ' అన్న మాట చాలాసార్లు షింగిల్ ఒక్కదానికే వర్తిస్తుంది. చెక్క పరుపు, దాన్ని మోసే అదనపు వాసాలు, కూలీ కలిపి చెప్పమనండి, లెక్క మారుతుంది. షింగిల్ బరువే చదరపు మీటరుకు 10 కిలోలు దాటుతుంది, మందపు రకాలైతే ఇంకా ఎక్కువ. అర మిల్లీమీటరు ఉక్కు రేకు 4, 5 కిలోల్లో తేలిపోతుంది. పైగా వానా, చెదలూ ఉన్న చోట ఆ చెక్క పరుపు ఇంటికి కొత్త బలహీనత తెచ్చిపెడుతుంది. ఒక్క చోట నీరు దిగినా మీ కళ్లకు కనిపించేసరికి చాలా దూరం కుళ్లిపోయి ఉంటుంది.

ఇక రేకుల కింద మనిషి ఉండలేడన్న మాట. ఇక్కడ రెండు గుణాలు విడివిడిగా చూడాలి. ఒకటి, పడిన ఎండను ఎంత తిప్పికొడుతుంది. రెండు, ఇంకిన వేడిని ఎంత తేలిగ్గా తిరిగి ఆకాశంలోకి వదులుతుంది. తళతళలాడే, రంగు వేయని రేకు మొదటి పనిలో దిట్ట, రెండో పనిలో చాలా వెనకబడుతుంది. ఇంకిన కొంచెం వేడినీ వదలకుండా పట్టుకుంటుంది. అందుకే మెరిసే రేకును ఎండలో ముట్టుకుంటే చేయి చురుక్కుమంటుంది. అదే రేకుకు తెల్లని పెయింటు పూత ఉంటే కొత్తలో దాదాపు మూడింట రెండు వంతుల ఎండను తిప్పికొడుతుంది, ఇంకిన వేడిలోనూ ఎక్కువ భాగాన్ని వెంటనే వదిలేస్తుంది. రంగు పూత గొప్పతనం ఆ రెండో గుణంలోనే ఉంది. కాబట్టి ఫ్యాక్టరీలోనే పూత వేసిన తెలుపు, లేత బూడిద, లేత మీగడ రంగుల్లో ఏదో ఒకటి ఎంచుకోండి. ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ రేకులు అందంగానే ఉంటాయి, కానీ ఆ అందం ఖరీదు ప్రతి మధ్యాహ్నం ఇంట్లో వాళ్లు కడతారు. ముదురు రంగే కావాలంటే పరారుణ కిరణాలను తిప్పికొట్టే రంగు పొడులు కలిపిన రకాలున్నాయి. మామూలు ముదురు రంగుకంటే అవి బాగా మేలు, లేత రంగుకు మాత్రం సాటి రావు.

రంగుతో సగం పనే అయింది. రేకు సన్నని లోహం, పైన ఎంత వేడిగా ఉంటుందో కింద కూడా దాదాపు అంతే ఉంటుంది. ఆ కింది ముఖం నుంచి వేడి కిరణాల రూపంలో సీలింగు మీదికి దిగుతుంది. దాన్ని ఆపడానికి తేలికైన ఉపాయం అల్యూమినియం ఫాయిలు. మెరిసే ఫాయిలు ముఖం వేడి కిరణాలను 5 శాతానికి మించి వదలదు. కానీ ఒక షరతు ఉంది. ఆ మెరిసే ముఖానికి ఎదురుగా గాలి ఖాళీ ఉండాలి, కనీసం రెండు సెంటీమీటర్లు. దేనికైనా అంటుకుని ఉంటే ఫాయిలు కూడా మామూలు లోహమే, వేడిని చక్కగా కిందికి పంపుతుంది. మెరిసే ముఖం కిందికి ఉండేలా వేయించండి, పైకి ఉంటే దుమ్ము పేరుకుని కొన్నాళ్లకు గుణం పోతుంది. దాని కింద, సీలింగు మీద రాతి ఉన్ని లాంటి ఇన్సులేషన్ పరిస్తే ఇల్లు నిజంగా చల్లబడుతుంది. చూరు దగ్గర గాలి లోపలికి వచ్చే దారి, కొప్పు దగ్గర బయటికి పోయే దారి కూడా ఉంచండి. వానజల్లు కొట్టే ప్రాంతం కాబట్టి ఆ దారులకు జాలీ, మరుగు తప్పనిసరి.

రేకుకు మరో మంచి గుణం ఉంది. పొద్దు గూకగానే త్వరగా చల్లారుతుంది. షింగిలూ, కింది చెక్కా కలిసి వేడిని రాత్రి పడుకునే వేళ వరకూ దాచిపెడతాయి. అయితే ఈ చల్లారడంలోనే ఒక చిక్కు ఉంది. మబ్బు లేని రాత్రి రేకు చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడి, తేమ దాని కింది ముఖం మీద చెమ్మగా పట్టి చుక్కలుగా రాలుతుంది. తెల్లవారి సీలింగు మీద మరకలు చూసి కప్పు కారుతోందని మేస్త్రీని పిలిచేవాళ్లు చాలామంది. రేకు కిందే ఫాయిలు పొర పరిచి, దాన్ని చూరు దాకా తెచ్చి వదిలితే ఆ చుక్కలు జారి బయటికి పోతాయి. అంటే వేడికి వేసిన పొరే చెమ్మకూ పనికొస్తుంది.

సముద్రం నడిచి వెళ్లేంత దూరం అన్నారు. నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వేడి కాదు, ఈ మాటే. ఉక్కు రేకును తుప్పు నుంచి కాపాడేది దాని మీది లోహపు పూత. పాత రకం ఉత్త జింకు పూత. ఇప్పుడు ఎక్కువగా వాడేది 55 శాతం అల్యూమినియం, 43 శాతానికి పైగా జింకు, కొద్దిగా సిలికాన్ కలిసిన పూత. లోపలి ప్రాంతాల్లో ఇది జింకు పూత కంటే చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. పూత మందాన్ని చదరపు మీటరుకు గ్రాముల్లో చెబుతారు. రెండు ముఖాలూ కలిపి 150 గ్రాములకు తగ్గనివ్వకండి. రేకు మందం మాత్రమే చెప్పి పూత బరువు చెప్పని దుకాణంలో బేరం ఆడనవసరం లేదు.

అలలు విరిగే ఒడ్డుకు కొన్ని వందల మీటర్లలోపు ఉంటే ఉక్కు జోలికే పోకుండా అల్యూమినియం రేకు తీసుకోండి. దానికి ఎర్ర తుప్పు ఉండదు. ఒడ్డు నుంచి ఎంత దూరం వరకు హామీ చెల్లదో తయారీదారులు హామీ పత్రంలో రాస్తారు. దుకాణంలో చెప్పే మాట కాదు, ఆ పత్రం చదవండి. పూత రకం కూడా చూడాలి. మామూలు పాలియెస్టర్ పెయింటు ఈ ఎండకు త్వరగా వెలిసి సుద్దలా రాలుతుంది, పీవీడీఎఫ్ అనే ఒక రకం ప్లాస్టిక్ పూత రంగునూ లోహాన్నీ చాలా ఎక్కువ కాలం కాపాడుతుంది. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఉప్పు చేసే చెరుపు వాన తగిలే చోటకంటే తగలని చోట ఎక్కువ. కప్పు మీద పడిన ఉప్పును వాన కడిగేస్తుంది. చూరు కింద, గోడ పక్కన పేరుకున్నది అలాగే ఉండి తేమను పీల్చుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు ఆ చోట్లను మంచినీటి పైపుతో కడగాలి.

పనివాళ్లు వచ్చిన రోజు మీరు ఇంటి దగ్గరే ఉంటే మంచిది. రేకును గ్రైండరుతో కోయనివ్వకండి. ఎగిరే నిప్పురవ్వలు పెయింటులో దిగబడి, కొన్నాళ్లకు ఒక్కొక్కటీ తుప్పు చుక్క అవుతుంది. కత్తెరతో కోయాలి. డ్రిల్లు పొట్టును అదే రోజు ఊడ్చేయాలి. గీతకు మామూలు పెన్సిల్ వాడకూడదు, అందులోని గ్రాఫైటు తడి తగిలినప్పుడు అల్యూమినియం, జింకు పూతలను తినేస్తుంది. మార్కర్ పెన్ను ఇవ్వండి. రాగి గొట్టం నుంచి కారే నీరు రేకు మీద పడకూడదు. పచ్చి సిమెంటు, సున్నం తగలనివ్వకూడదు. అల్యూమినియం రేకుకు మామూలు ఉక్కు స్క్రూ బిగిస్తే స్క్రూ చుట్టూ చెరుపు మొదలవుతుంది, దానికి తగిన స్క్రూలే కొనాలి. స్క్రూ కింద ఉండే ఈపీడీఎం రబ్బరు వాషరు రేకుకంటే చాలా ముందే ముసలిదవుతుంది. పైనుంచి స్క్రూలు బిగించే రకమైతే రేకు ఆయుష్షులో కనీసం ఒకసారి వాటిని మార్చవలసి వస్తుందని ఇప్పుడే అనుకోండి. స్క్రూ కనిపించకుండా క్లిప్పులతో పట్టే రకానికి ఈ బాధ లేదు, వేడికి రేకు సాగి ముడుచుకోవడానికి వీలు కూడా ఉంటుంది. 8 మీటర్ల ఉక్కు రేకు 50 డిగ్రీల తేడాకు దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది, అల్యూమినియం అయితే 9 మిల్లీమీటర్లు దాటుతుంది. సాయంత్రం పూట కప్పు టకటకమంటే కంగారు పడనవసరం లేదు.

తుపాను భయానికి చరిత్రలో ఆధారం ఉంది. 1974 డిసెంబరు 25 తెల్లవారుజామున ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని ట్రేసీ తుపాను తాకింది. గంటకు 217 కిలోమీటర్ల గాలిని నమోదు చేశాక కొలిచే పరికరమే పాడైపోయింది. నగరంలోని ఇళ్లలో ఎక్కువ భాగం నాశనమయ్యాయి. తర్వాత పరిశీలిస్తే తేలిందేమిటంటే, చాలాచోట్ల గాలి రేకులను ఒక్క ఊపున పీకలేదు. గాలి ఉద్ధృతి పెరుగుతూ తగ్గుతూ ఉంటే, తీగను అటూ ఇటూ వంచి విరిచినట్టు, స్క్రూల చుట్టూ రేకు పగిలి ఊడివచ్చింది. అప్పటి నుంచి అక్కడ రేకులను వేలసార్లు లాగి వదిలి పరీక్షిస్తున్నారు. స్క్రూ తల కింద వెడల్పాటి లోహపు వాషరు వాడే పద్ధతి కూడా తుపాను ప్రాంతాల్లో ఉంది. మీరూ అది అడగండి. కప్పు అంచుల్లో, మూలల్లో, కొప్పు దగ్గర గాలి లాగే బలం మధ్య భాగం కంటే ఎక్కువ, అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి. రేకు పర్లిన్‌కు స్క్రూలతో, పర్లిన్ వాసానికి, వాసం గోడకు, గోడ పునాదికి లోహపు పట్టీలతో కట్టి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి బలహీనమైనా కప్పు అక్కడే ఊడుతుంది.

షింగిల్స్‌కు గాలి భయం లేదనుకోకండి. 1992 ఆగస్టులో ఆండ్రూ తుపాను దక్షిణ ఫ్లోరిడాలో ఎన్నో ఇళ్ల షింగిల్ కప్పులను ఒలిచేసింది. ఇప్పుడు గంటకు 240 కిలోమీటర్ల గాలికి పరీక్షించిన రకాలున్నాయి. అవి కూడా ఒక్కో పలకకు నాలుగు కాక ఆరు మేకులు కొట్టి, కింది జిగురు పట్టీ బాగా అంటుకున్నప్పుడే ఆ మాట నిలబెట్టుకుంటాయి. ఆ జిగురు కొత్తలో మీ ఎండకు చక్కగానే పడుతుంది, ఏళ్లు గడిచాక అక్కడక్కడ వదులుతుంది.

వాన చప్పుడు విషయంలో కాంట్రాక్టరు మాట నిజమే, షింగిల్స్ నిశ్శబ్దంగా ఉంటాయి. రేకు కింద ఇన్సులేషన్ దుప్పటిని కొన్ని చోట్లయినా రేకుకు ఆనేలా పరచి, కింద సీలింగు వేస్తే చప్పుడు బాగా తగ్గుతుంది. పూర్తిగా పోదు. పడక గదిలో ఆ చప్పుడు అసలు భరించలేననుకుంటే ఆ గది మీద మాత్రం సీలింగు పలకలను రెండు పొరలు వేయించండి. పిడుగు విషయానికొస్తే, లోహం ఉన్నంత మాత్రాన పిడుగు అక్కడికి రాదు, ఎత్తూ పరిసరాలే దాన్ని తేలుస్తాయి. పడినా రేకుకు నిప్పు అంటుకోదు. పిడుగులు ఎక్కువగా పడే చోట ఏ కప్పు వేసినా రక్షణ తీగ, ఎర్తింగు విడిగా ఉండవలసిందే. రేకునే రక్షణ అనుకోకూడదు.

షింగిల్స్ నేను ఎవరికి చెబుతానంటే, కప్పు బాగా ఏటవాలుగా ఉండి, చాలా ముక్కలుగా విరిగి, గుండ్రని భాగాలు ఉండి, కింద చెక్క పరుపు ఎలాగూ ఉన్నవాళ్లకు. అలాంటి కప్పు మీద రేకు కోతలకే సగం వృథా అవుతుంది. షింగిల్స్‌కు వాలు కూడా కావాలి. 12 అడుగుల పొడవుకు 4 అడుగుల ఎత్తు ఉంటే హాయి, 2 అడుగులకు తగ్గితే వేయనే కూడదు. రేకుకు రకాన్ని బట్టి 5 డిగ్రీలు, అంతకంటే తక్కువ వాలైనా చాలు. మీది రెండు వాలుల సాదా కప్పు. కొప్పు నుంచి చూరు దాకా ఒకే పొడవు రేకు దొరికితే మధ్యలో అతుకే ఉండదు.

వాన నీటి ట్యాంకుకు కూడా రేకే అనువు. నున్నగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది, రవ్వ రాల్చదు. తాగడానికి వాడే ఉద్దేశం ఉంటే అతుకుల దగ్గర సీసం పట్టీలు వాడవద్దని పనివాళ్లకు ముందే చెప్పండి, సీసంతో చేసిన రంగులూ వద్దు. కొత్త కప్పు మీద మొదటి కొన్ని వానలను ట్యాంకులోకి పట్టకండి, నూనె, దుమ్ము కడుక్కుపోనివ్వండి. ఆ తర్వాత కూడా ప్రతి వానలో మొదట వచ్చే నీటిని పక్కకు మళ్లించే గొట్టం పెట్టించండి. పక్షుల రెట్టలు, ఆకులు, సముద్రపు ఉప్పు అన్నీ ఆ మొదటి నీటిలోనే వస్తాయి. తాగే నీటిని వడగట్టి కాచాలి. మొదటి నీటిని మళ్లించే ఆ గొట్టాన్ని నేల మీద నిలబడే చేయి అందేంత ఎత్తులో పెట్టమనండి, నిచ్చెన ఎక్కవలసి వస్తే దాన్ని ఎవరూ శుభ్రం చేయరు.